పొలిమేర దాటిన పడవ

మా వీధిలో నన్ను టైలరు అని పిలిచేవాళ్ళకంటే పడవలాయన అని పిలిచేవాళ్ళే ఎక్కువ. అది మెచ్చుకోలు కాదు. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టుకుని పొద్దున్నుంచీ కూర్చునే వీధిలో ఒక మనిషి చెక్కలు చెక్కి పడవలు చేస్తున్నాడంటే, అతన్ని ఏ పేరుతో పిలిచినా తిట్టినట్టే ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ గొంతుతో పిలిచారో నాకిప్పటికీ గుర్తే. మర్చిపొమ్మని మా ఆవిడ చాలాసార్లు చెప్పింది. అన్నవాళ్ళు ఎటూ మర్చిపోయారు. ఒకరైనా గుర్తుపెట్టుకోవాలి కదా అన్నాను.

పెళ్ళికి ముందు కొన్నాళ్ళు మంగళూరులో ఒక బట్టల కొట్టుకు కుట్టుపని చేశాను. ఆదివారం సెలవు. సముద్రం అంటే నాకు భయం. అలలు కాళ్ళను తాకితే వెనక్కి పరుగెత్తేవాణ్ణి. కానీ ఒడ్డున చేపల పడవలు కట్టే షెడ్డు దగ్గర మాత్రం సాయంత్రం దాకా నిలబడిపోయేవాణ్ణి. ముందు అడుగున పొడుగాటి కర్ర పడుకోబెడతారు. దాని మీద రెండు వైపులా పక్కటెముకల్లా వంపు కర్రలు నిలబెడతారు. ఆ తర్వాత పలకలు ఒక్కొక్కటే వంగుతూ వచ్చి ఆ ఎముకలకు అతుక్కుంటాయి. నేల మీద ఉన్నంతసేపు ఆ పడవ నన్ను భయపెట్టలేదు. నీళ్ళ మీద ఉండే వస్తువుల్లో నేను దగ్గరికి వెళ్ళి చేయి వేయగలిగింది అదొక్కటే.

ఊరికి తిరిగొచ్చి, కణేకల్‌కు దగ్గర్లో పెద్ద కాలువ పక్కనున్న మా ఇంటి వసారాలోనే మిషను వేసుకున్నాను. పని లేని మధ్యాహ్నాల్లో పడవలు మొదలుపెట్టాను. బళ్ళారి నుంచి వచ్చే ఆపిల్ పెట్టెల పలకలు పలుచగా ఉంటాయి. వాటిని నానబెట్టి, ఇడ్లీ గిన్నె ఆవిరి మీద పట్టుకుంటే వంగుతాయి. వంగినప్పుడే వెదురు బద్దలకు కట్టి ఆరబెట్టాలి. సందుల్లో నూలు దారం దూర్చి, గుగ్గిలం వేరుశనగ నూనెలో కరిగించి పూస్తే చుక్క నీరు లోపలికి రాదు. నానబెట్టిన నీళ్ళను మా ఆవిడ పారబోసేది కాదు, వాటితోనే వాకిలి కడిగేది. అయినా ఎదురుగా టీ కొట్టాయన ఊరుకునేవాడు కాదు.

"మనుషులకు తాగేకి నీళ్ళు లేవు, ఈయప్ప చెక్కలకు తాపుతాండాడు చూడండప్పా!" అని గిరాకీలందరికీ వినపడేలా అరిచేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరసగా తప్పిన రోజుల్లో చేసిన పడవ అన్నిటికంటే పెద్దది. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉండేది. దానికి తెరచాప కావాల్సి వచ్చింది. మా అక్కకు కుట్టిన పసుపు రవికలో మిగిలిన ముక్క సరిగ్గా సరిపోయింది. అక్కను మాకు దిగువన, మా ఊరి పిల్ల కాలువ మీదే ఉన్న ఇంకో ఊరికి ఇచ్చాం. ఆ రవిక గుడ్డ తనే కొని తెచ్చి, నా చేత కుట్టించుకుని, వాళ్ళ ఇంట్లో బారసాలకు తొడుక్కుంది.

ఆ ఏడు కాలువకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. దసరాకు ఆయుధపూజ చేశాం. మిషనుకు, కత్తెరకు, ఇస్త్రీ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టిన చేత్తోనే మా ఆవిడ పడవకూ పెట్టింది. కొత్త బండికి పెట్టినట్టు ఒక నిమ్మకాయ కూడా దాని మధ్యలో పెట్టి, "నీ బండి కూడా బండే కదయ్యా" అంది. మా ఇంట్లో నా పడవను ఎవరైనా ఎగతాళి చేయకుండా మాట్లాడింది అదే మొదలు. సంతోషంతో అలాగే ఎత్తుకుని పిల్ల కాలువ దగ్గరికి తీసుకుపోయాను. మిషను దారం నాలుగు పేటలు కలిపి వెనక్కి కట్టి వదిలాను.

అది పక్కకు వాలలేదు. తెరచాపలో గాలి నిండింది. నా చేతిలో దారం బిగుసుకుంది. కాలువ ఒకచోట మెట్టులా కిందికి దూకుతుంది. అక్కడికి రాకముందే లాగాలని తెలుసు. లాగాను. దారం తెగింది. గట్టు మీద కంపల్లో పడుతూ లేస్తూ పరుగెత్తాను. నాకు ఈత రాదు. పడవ ఆ మెట్టు దిగి, తూము కింద దూరి అవతల పసుపు చుక్కలా కనిపించి, మలుపులో మాయమైంది.

పడవ పోయిందని ఏడిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. భయం తర్వాత వచ్చింది.

వారం తిరగకముందే అక్క వాళ్ళ ఊరి మనిషి ఒకాయన ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. కొలతలు తీస్తున్నాను. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడే చెప్పాడు.

"మా ఊరికి ఎవురో అమ్మను పంపినారన్నా. బండి మీద కాదు, కాలవలో! పసుపు గుడ్డ కట్టి, బొట్టు పెట్టి, నిమ్మకాయ పెట్టి. అది మా గట్టుకు తగులుకున్న రెండో దినానికే పిల్లోళ్ళకు అమ్మ పోసింది."

నేను టేపును ఆయన నడుము చుట్టూ బిగించాను.

మా వైపు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పాలి. ఊళ్ళో పిల్లలకు ఒళ్ళంతా పొక్కులు లేస్తే అమ్మవారు వచ్చిందంటారు. ఆమెను శాంతింపజేసి, చిన్న చెక్కబండి చేసి, అందులో బొమ్మను కూర్చోబెట్టి, పసుపు కుంకుమ, పసుపు గుడ్డ, నిమ్మకాయలు పెట్టి మేళంతో పొలిమేర దాటిస్తారు. పక్క ఊరివాళ్ళు దాన్ని తమ హద్దులో ఉంచుకోకుండా వాళ్ళ పొలిమేర దాటించాలి. అలా బండి ఊరూరూ పోతుంది. దానికో పద్ధతి ఉంది. ముందుగా కబురు పెట్టాలి. చెప్పాపెట్టకుండా తోసేయడం పగవాళ్ళు చేసే పని. నా పడవను చూసిన ఎవరికైనా అది అమ్మవారి బండి కాదని ఎందుకు అనిపిస్తుంది? చక్రాలు, బొమ్మ లేవన్న మాటే గాని, మిగతావన్నీ మేమే పెట్టి పంపాం.

"ఎవురు పంపినారో తెలిసిందా?" అని అడిగాను.

"తెలుస్తాది. పై ఊళ్ళ నుంచి మా ఊరికి వచ్చిన కోడళ్ళు ఉండారు కదా. పుట్టింటోళ్ళ చేత పంపించుకున్న పని అని పెద్దోళ్ళు అనుకుంటాండారు. ఏ కోడలిదైతే ఆ కోడలు ఆ బండి నెత్తిన పెట్టుకొని, ఎట్ల వచ్చిందో అట్లే పుట్టింటికి పోవల్ల. మళ్ళా ఊళ్ళో కాలు పెట్టగూడదు."

పై ఊళ్ళ నుంచి ఆ ఊరికి పోయిన కోడళ్ళలో మా అక్క ఒకతె. తెరచాప ఆమె రవిక ముక్క. బారసాల నాడు ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఆ రవికను చూశారు. ఆ ప్యాంటు కొలతలు ఎలా రాసుకున్నానో తెలియదు. తర్వాత అది నడుము దగ్గర బిగుతైందని ఆయన తిట్టాడు. ఆ తిట్టు మాత్రం నేను మనసులో పెట్టుకోలేదు.

ఆ సాయంత్రమే టీ కొట్టాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి చెవిలో చెప్పినట్టు మాట్లాడాడు.

"అది నీదే కదా?"

నేను కత్తెర పక్కన పెట్టాను.

"నోరు మూసుకొని ఉండు. నీదని తెలిస్తే మన ఊరిదని తెలిసినట్టే. మళ్ళా మన పొలిమేరకే తోలుకొస్తారు. మన పిల్లోళ్ళు లేరా? ఆ మిగిలినవి యాడన్నా దాచు."

మర్నాటి నుంచి మా వీధిలో ఎవరికీ నేను పడవలు చేస్తానన్న సంగతి తెలియదు. ఏళ్ళ తరబడి పగలబడి నవ్వినవాళ్ళంతా, ఒక్క పడవ కూడా చూడనట్టు మొహాలు పెట్టారు. పడవలాయన అన్న పేరు కూడా ఆగిపోయింది. ఆ పేరు వద్దని నేను ఎంతో కాలంగా అడుగుతున్నదే. ఇలా ఆగాలని మాత్రం అడగలేదు. ఇంటి వెనక చూరు కింద వరసగా పెట్టుకున్న చిన్న పడవలను గోనెసంచిలో కట్టి అటక మీదికి ఎక్కించాను. సంచిలో అవి ఒకదానికొకటి తగిలి టకటకలాడితే వీధి వైపు చూసేవాణ్ణి.

అక్కను చూడటానికి వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో వేపమండలు వేలాడుతున్నాయి. తోటికోడలి కూతురికి అమ్మ పోసింది. అమ్మవారు ఉన్న ఇంట్లోకి బయటివాళ్ళు పోకూడదు. తాలింపు వాసన కూడా రాకూడదు. అక్క పశువుల కొట్టం వెనక్కి రమ్మని కళ్ళతో సైగ చేసింది.

"ఏమిరా, నీదేనా?"

"నాదే. పంపలేదక్కా. దారం తెగింది."

"దారం తెగిందని ఎవురికి చెప్తావు? చెప్తే నమ్ముతారా?" ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "దూరం నుంచి చూసినా తెలిసిపోయింది నాకి. నా రవిక గుడ్డ నాకి తెలీదా?"

"రవిక యాడుంది?"

"గడ్డివామిలో పెట్టినా. మా అత్త పొద్దున అడిగింది. అమ్మకు పసుపు గుడ్డ కట్టల్ల, నీ పసుపు రవిక ఇయ్యమ్మే అని. ఎలకలు కొట్టినాయని చెప్పినా. కొట్టినా పర్వాలేదు, తీసుకురా అనింది. పారేసినా అని చెప్పినా. ఇంగ నన్నే చూస్తాంది."

"బావకు తెలుసా?"

"తెలుసో తెలీదో. ఏం మాట్లాడడు. ఆయప్పకు నీ పడవలంటే ఎప్పుడూ ఎగతాళే కదా."

ఎగతాళి అని ఆమె తేలిగ్గా అనేసింది. మొదట్లో నేను చేసిన పడవను వాళ్ళింటికి కానుకగా తీసుకెళ్తే, బావ దాన్నిండా ఉడికించిన వేరుశనగ కాయలు పోసి బయటి ఊళ్ళ చుట్టాల ముందు పెట్టి, "మా బామ్మర్ది సముద్రం తెచ్చినాడు, తినండప్పా" అన్నాడు. అందరూ తిన్నారు. తొక్కలు కూడా అందులోనే వేశారు. ఆ మనిషి నోట్లో ఇప్పుడు మా అక్క కాపురం ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయనకు నేను ఎన్నిసార్లు ఎదురు చెప్పానో, ఆయన నా మీద ఏమేమి కోపాలు పెట్టుకుని ఉండవచ్చో గుర్తు చేసుకుంటూ వచ్చాను. అప్పటిదాకా నాకు గుర్తున్నవన్నీ ఆయన నన్ను అన్న మాటలే. నేనన్నవి కూడా ఉన్నాయని ఆ రోజే లెక్కకు వచ్చింది.

రెండు రోజులకు కబురు వచ్చింది. పై ఊళ్ళ కోడళ్ళ పుట్టిళ్ళ నుంచి ఒక్కొక్క మగమనిషి వచ్చి, అమ్మవారి ముందు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని "ఇది మా ఇంటిది కాదు" అని చెప్పాలి. మా నాయన పోయాడు. మా ఇంటికి మగమనిషిని నేనే.

పొద్దున్నే పోయాను. కాలువ గట్టు మీద ఊరంతా ఉంది. అవతలి గట్టున దిగువ ఊరివాళ్ళు కట్టెలు పట్టుకుని నిలబడ్డారు, తమ హద్దులోకి రానివ్వకుండా. మధ్యలో, గట్టుకు ఆనుకుని, రాళ్ళ చట్రంలో నా పడవ ఉంది. వారానికి పైగా నీళ్ళలో ఉన్నా మునగలేదు. కాస్త కూడా వాలలేదు. ముట్టుకుంటే అమ్మవారు తమ మీదికి వస్తుందేమోనని ఎవరూ చెయ్యి వేయలేదట. దాని చుట్టూ కుంకుమ నీళ్ళు ఎర్రగా తేలుతున్నాయి. తెరచాప ఎండకు వెలిసి, నాకు మాత్రం ముందుకంటే ఎక్కువ పసుపుగా కనిపించింది.

అక్క ఆడవాళ్ళ గుంపులో ముందు వరసలో ఉంది. వాళ్ళ అత్త ఆమె పక్కనే, చెయ్యి పట్టుకుని నిలబడింది. చెయ్యి పట్టుకోవడం ప్రేమతోనా, పారిపోకుండానా అన్నది నాకు తెలియలేదు.

ఒకాయన కర్పూరం వెలిగించుకుని చెప్పి పక్కకు జరిగాడు. ఇంకొకాయన చెప్పాడు. అమ్మవారు ఉందని నేను నమ్ముతాను, ఇప్పుడూ నమ్ముతాను. నా అరచేతిలో నిప్పు పెట్టుకుని, నా చేత్తో చేసిన దాన్ని నాది కాదని ఆమె ముందు చెప్పాలి. చెప్తే ఆమె ఊరుకుంటుందా? అక్క వాళ్ళ ఇంట్లో పడుకున్న బిడ్డ మీదికి పోతుందా? చెప్పకపోతే మా అక్క నెత్తిన ఆ పడవ పెట్టుకుని గట్టు వెంబడి నడవాలి. రెండింటి మధ్యా నేను నిలబడి ఉంటే, ఒక కుర్రవాడు ఇంకా బాగా కనపడాలని వెదురు కర్రతో పడవను తనవైపు లాగబోయాడు. కర్ర తెరచాప కొయ్యకు తగిలి, కొయ్య కిర్రుమంది.

"మెల్లగా! విరుగుతాది!" అన్నాను.

ఆ మాట అనాలని నేను అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. గట్టు మీద అందరి మొహాలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. అవతలి గట్టు మీదివాళ్ళు కూడా కట్టెలు దించి చూశారు.

ఆ ఊరి పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. "విరుగుతాదని నీకెట్ల తెలుసప్పా?"

అక్క తల దించుకుంది. అత్త చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుసుకోవడం అంత దూరం నుంచి కూడా కనపడింది.

వెనకనుంచి నవ్వు వినిపించింది. బావ.

"వానికేం తెలుసు పెద్దప్పా? భయపడినోడు ఏదన్నా అంటాడు. వాడు టైలరు. అదీ సరిగ్గా రాదు. పండక్కు నాకి కుట్టిన చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి! చెక్కలంట చెక్కలు! గుడ్డనే సమంగా కత్తిరించలేనోడు వీడు."

ఎవరో నవ్వారు. దాంతో ఇంకొందరు నవ్వారు. మొన్న ప్యాంటు కుట్టించుకున్నాయన, "నిజమేప్పా, నాకి నడుము కాడ పట్టల్యా" అని పెద్దగా అన్నాడు. అన్ని రోజులుగా బిగుసుకుని ఉన్న ఊరు గట్టు మీద పగలబడి నవ్వింది. అవతలి గట్టువాళ్ళు కూడా నవ్వారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, కర్పూరం పళ్ళెం నా ముందునుంచి తీసేశాడు.

"పక్కకు జరుగప్పా. వణికి సస్తాండావు. నీ చేతిలో నిప్పు పెడితే గట్టంతా అంటిస్తావు."

ఒట్టు పెట్టడానికి కూడా పనికిరానివాణ్ణని అనిపించుకుని పక్కకు జరిగాను. నా తర్వాతి మనిషి కర్పూరం అందుకున్నాడు.

ఎవరూ ఒప్పుకోలేదు. మధ్యాహ్నానికి రెండు ఊళ్ళవాళ్ళూ మాట్లాడుకుని, ఎవరి పొలిమేరకూ చెందని గుట్ట మీదికి అమ్మవారిని సాగనంపుదామన్నారు. పడవను నీళ్ళలోంచి ఎత్తి ఎద్దులబండి మీద పెట్టారు. ఎత్తినప్పుడు దాని అడుగు చూశాను. ఒక్క పలక సందు కూడా విడలేదు. మేళం మోగింది. అందరూ దండం పెట్టారు. పెట్టకపోతే చూస్తారని నేనూ పెట్టాను. చుక్క నీరు దొరకని ఆ గుట్ట మీద, బండరాళ్ళ మధ్య దాన్ని వదిలేసి వచ్చారని తర్వాత విన్నాను. చూడటానికి పోవాలని చాలాసార్లు అనుకున్నాను. పోలేదు. నేను అక్కడ ఉండగా ఎవరైనా చూస్తే అన్న భయం కాళ్ళను పోనివ్వలేదు.

బిడ్డకు తగ్గింది. తలకు నీళ్ళు పోసుకున్న రోజు నన్ను భోజనానికి పిలిచారు. అక్క వాళ్ళ అత్త నాకు రెండుసార్లు అన్నం వడ్డించింది. "తిను నాయనా, చిక్కిపోయినావు" అంది. ఆ మాటలో ఏముందోనని నేను ఆ రాత్రంతా వెతుక్కున్నాను. ఇన్నేళ్ళయినా తెలియలేదు. ఆమె పోయేదాకా ఆమె ఎదుట నా గొంతు సన్నబడేది.

ఆ ఊరి నుంచి నాకు గిరాకీ ఆగిపోయింది. చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి కుట్టే టైలరు దగ్గరికి ఎవరు వస్తారు? కణేకల్ సంతలో కూడా ఆ మాట నాకంటే ముందే పోయేది. దసరాకు నేను బావకు కుట్టిన చొక్కా చేతులు రెండూ సమానం. మడత దగ్గర, బొత్తాం దగ్గర రెండుసార్లు టేపు పెట్టి చూసుకుని ఇచ్చాను. ఆయన ఆ రోజు గట్టు మీద చెప్పింది పచ్చి అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధం. అంటే పడవ ఎవరిదో ఆయనకు తెలుసన్నమాట. ఎప్పటినుంచి తెలుసో, ఎవరి కోసం ఆ మాట అన్నాడో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. అడగటానికి నాకు నోరు రాలేదు. అబద్ధమని నలుగురిలో చెప్పుకుంటే నా పేరు నిలబడుతుంది, మా అక్క పోతుంది. అందుకని ఆ నింద అలాగే మోశాను. నా పనిని ఎవరు ఏమన్నా ఊరుకోని నేను, ఆ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత ఎప్పుడు వాళ్ళింటికి పోయినా బావ ఆ చొక్కానే వేసుకుని ఉండేవాడు. కాలరు అరిగి, రంగు పోయినా వదల్లేదు. ఎంత చలిలోనైనా రెండు చేతులూ మోచేతుల పైకి మడిచి ఉండేవి. అక్క ఒకసారి మడత విప్పబోతే, చెయ్యి లాక్కుని, "ఉండనీలే, గాలి ఆడల్ల" అన్నాడు, నా వైపు చూడకుండా.